కాంతిమతి కట్టిన చీర

పొందూరు
3-2-1946

చిరంజీవి తమ్ముడు అప్పలస్వామికి అక్క ముందు దీవించి, తరవాత తిట్టి రాస్తున్న ఉత్తరం.

నువ్వు కాంతిమతిగా ఆడవేషం కట్టే నాటకం రెండో భాగానికి మొన్న మా అత్తగారిని శ్రీకాకుళం తీసుకెళ్లాను. మొదటి భాగంలో కాంతిమతి దుష్టరాజు చెరలో పన్నెండేళ్లు మగ్గి, ఒక్క అబద్ధమూ ఆడకుండా బయటపడింది. అది చూసే కదా ముసలావిడ కళ్లు తుడుచుకుని, వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి, తన చేత్తో నూలు వడికి నీకు సన్న ఖద్దరు చీర నేయించింది.

ఇప్పుడేమో కాంతిమతి గద్దెనెక్కి, పాలు పలచనయ్యాయని పాలవాణ్ణి అదే చెరలో వేయించింది. ఆపైన మంత్రి దగ్గర వడ్డాణం లంచం పట్టింది. అంతా మా చీర కట్టుకునే.

"ఒసే కాంతిమతీ, సెరా అదే, తాళమూ అదే. కట్టిన సీర మాత్రం నాదే" అని అత్తగారు లేచి నిలబడి అరిచారు. జనం నవ్వారు. ఇంటికొచ్చి రాట్నం గోడవైపు తిప్పేశారు. నూలు ముట్టడం లేదు.

నాటకమేనని చెప్పాను. "నాటకమైతే, ముందర ఆ పిల్ల ఏడిస్తే నానెందుకు ఏడిసినానే" అన్నారు.

పంతులుగారు రాసిన నాటకం నువ్వు మార్చలేవు. చీరైనా మార్చు. కాంతిమతి లంచం పట్టే రంగంలో మిల్లు చీర కట్టుకో. నీ దగ్గర లేకపోతే నా పెట్టె అడుగున ఒకటుంది, పంపుతాను. అది నాదని మాత్రం అత్తగారికి తెలియనివ్వకు.

అక్క