గీకేసిన జామచెట్టు

ఖరగ్‌పూర్,
2-12-1991

దేవమణి అక్కకి,

నేను బాగానే ఉన్నాను. సుభాష్‌పల్లిలోని మా కన్సల్టెన్సీకి ట్రాఫిక్ కాలనీ మురుగుకాలవల పని వచ్చింది. అమ్మ పోయాక మనం ఖాళీ చేసిన రైల్వే క్వార్టర్ ఉన్న వీధి నక్షా షీటు నా బల్ల మీదే పడింది. గీస్తూ గీస్తూ, సర్వే పుస్తకం చూడకుండానే, పెరట్లో అమ్మ నాటిన జామచెట్టు కూడా గీసేశాను.

"పుస్తకంలో లేని చెట్టు ఎక్కడిదయ్యా?" అన్నారు ఇంజనీరుగారు. సర్వేవాళ్ళే మరిచిపోయారని వాదించి, చూసొద్దామని సైకిలు మీద ఆ క్వార్టర్‌కి వెళ్ళాను.

ఇప్పుడక్కడ ఉంటున్న జోగమ్మగారు గుమ్మంలోంచే చెప్పారు: "సెట్టేటి బాబూ? మేం వచ్చినప్పటికే నేదు. మోడుంటే మేమే తవ్వించీసినాం."

తిరిగొచ్చి బ్లేడుతో ఇంకు గీకేశాను. దాన్నుంచి తీసే కాపీల్లో ఏమీ కనబడదు. కానీ ట్రేసింగు కాగితాన్ని కిటికీకి ఆనిస్తే, గీకినచోట పల్చబడి, చెట్టున్నంత మేరా వెలుతురొస్తోంది.

పద్నాలుగో తారీఖున ఆ షీటు కలకత్తా వెళ్ళిపోతుంది. ఈలోగా ఒక్కరోజు టాటానగర్ నుంచి రాగలవా? పొద్దుటి బండికే రా అక్కా. మా ఆఫీసు కిటికీలో ఎండ మధ్యాహ్నం దాకానే ఉంటుంది.

నీ తమ్ముడు