దీపం ఆర్పిన రాత్రి

గురువారం రాత్రి, శంషాబాద్

రాజమణీ, నా రాత వంకరటింకర అని నువ్వు నవ్వేదానివి. ఇప్పుడూ అంతే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఈరోజు మన మనవరాలు తన తెలుగు పుస్తకం పట్టుకుని వచ్చింది. అందులో ఒక పాత పద్యం. భర్త పోయిన ఒకామె దీపం ఆర్పేసి చీకట్లో కూర్చుంటుంది.

"చీకటి అంటే దుఃఖమని గైడ్‌ల ఉన్నది తాతా," అంది.

"కాదు బిడ్డా. ఏడుస్తుంటే ఎవ్వరు చూడొద్దని ఆర్పింది."

"గట్ల రాస్తే మార్కులు నువ్వేస్తవా? అయినా నీకెట్ల ఎరుక?"

పుస్తకం మూసి దాని చేతికిచ్చాను.

నువ్వు పోయాక పది రోజులు నీ దీపం ఆరకుండా నూనె పోసే పని నాది. ఆ వెలుగులోనే నీకు దారి కనపడుతుందన్నారు. ఇంటి నిండా చుట్టాలు. నలుగురిలో నాకు ఏడుపు రాదు. మూడో రాత్రి అందరూ పడుకున్నాక, ఎయిర్‌పోర్టు లైట్లు పడకుండా కిటికీ మూసి, దీపం నేనే ఆర్పాను. కరువుతీరా ఏడ్చి, తెల్లారకముందే మళ్లీ వెలిగించాను. ఎవరికీ చెప్పలేదు.

పద్యంలో ఆమెకు ఆ చీకటి ఎందుకు కావాలో నాకు తెలుసు. కానీ నేను దీపం ఆర్పిన ఆ కాసేపు నువ్వు దారి మధ్యలో ఉన్నావేమో. ఎక్కడైనా ఆగిపోయావా? మళ్లీ దారి దొరికిందా? కలలోనైనా సరే, జర తొందరగా చెప్పు.