సైలెన్సర్ మార్చిన సంగతి

ప్రొద్దుటూరు,
గురువారం.

మస్తానమ్మ పెద్దమ్మకు నమస్కారం.

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. మీ మనవరాలు నిఖత్‌తో చదివించుకోండి.

మీ షాహిద్ చనిపోయాక మీరు నాకమ్మిన స్పోర్ట్స్ కారుకు సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపోయింది. పాత బండి, నెలకొక జబ్బు. షాహిద్ ముచ్చటపడి పెట్టించుకున్న రకం మళ్లీ తెప్పించాలంటే నా గుమాస్తా జీతం చాలదు. మెకానిక్ మామూలుది బిగించాడు. ఇప్పుడు పక్కనుంచి పోయినా కారు వచ్చినట్టు తెలియదు.

శనివారాలు గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోతూ, వేంపల్లెలో మీ ఇంటి ముందు కారు నెమ్మది చేసేవాణ్ణి. ఆ గుడగుడ చప్పుడు వినగానే మీరు వాకిట్లోకి వచ్చేవారు. మొదటిసారి నేను ఆపబోతే వద్దని చెయ్యి ఊపారు. సాయంత్రం మీరే ఫోన్ చేశారు.

"ఆపొద్దు నాయనా. అట్లే పోతాంటే నా కొడుకే పోతాండాడనుకుంటా. ఆపితే దిగేది నువ్వు గదా" అన్నారు.

ఆ తర్వాత నేనెప్పుడూ ఆపలేదు.

ఎల్లుండి ఆ చప్పుడు కోసం ఎండలో నిలబడొద్దు పెద్దమ్మా. అది ఇంక రాదు. నేను మాత్రం మీ వీధిలోనే వస్తాను.

ఈసారి ఆపి, దిగమంటారా?