బ్రస్సెల్స్ ఎత్తుకెళ్ళిన మీగడ

కూంబ్ బార్టన్, డెవన్
జూన్ 7, 1993

గౌరవనీయులైన ఫాన్‌షా గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. మేం మాత్రం క్షేమంగా లేం.

మొన్న శనివారం మా చర్చి వేసవి సంబరంలో నేను టీ బల్ల మీద, మీగడా జామూ రాసుకు తినే చిన్న రొట్టెలు, అదే స్కోన్లు, పేర్చుకుంటుంటే ఒక ఇన్‌స్పెక్టరు దిగబడ్డాడు. మెడలో టై, చేతిలో కాగితం, మొహంలో వెతికినా మనిషి లక్షణం లేదు. "ఇంట్లో కాచిన మీగడ ఇలా బయటపెట్టి అమ్మకూడదమ్మా, కొత్త నిబంధన వచ్చింది" అన్నాడు. మా అమ్మమ్మ నేర్పినట్టు రాత్రంతా సన్నసెగ మీద పాలు పెట్టి, పొద్దున్నే గరిటెతో తీసిన మీగడండీ అది! గిన్నెలతో సహా ఎత్తి కారు డిక్కీలో పెట్టి తాళం వేసుకుపోయాడు. జనం ఉత్త జామ్‌తో స్కోన్లు తిన్నారు. చావింట్లో కూడా ఎవరూ అంత నీరసంగా టీ తాగరు.

మీరు మా ఎంపీ. పైగా ఈ తిండి వ్యవహారాలు చూసే శాఖలోనే ఉపమంత్రి. ఈ దౌర్జన్యం ఎవరిదో నాకు తెలియాలి. ఇక్కడి పార్టీ సంఘం అధ్యక్షురాలిగా అడుగుతున్నాను. వచ్చే ఎన్నికలకి అభ్యర్థిని ఎంచుకునే సమావేశం సెప్టెంబరులో ఉందని మీకు గుర్తు చేయక్కర్లేదు. అయినా చేస్తున్నాను.

ఇట్లు,
పొయ్యి కంటే వేడిగా ఉన్న
హెస్టర్ ట్రెమ్లెట్

తా.క. గిన్నెలు ఇవాళ తిరిగి పంపాడు. కడిగిన గిన్నెకీ నాకిన గిన్నెకీ తేడా నాకు తెలుసు.


లండన్
జూన్ 11

ప్రియమైన ట్రెమ్లెట్ గారికి,

మీ ఉత్తరం చదువుతుంటే నా రక్తం మరిగిపోయింది. ఇది ముమ్మాటికీ బ్రస్సెల్స్‌లో కూర్చుని యూరపంతటికీ నిబంధనలు రాసేవాళ్ళ పని. జన్మలో ఆవు మొహం చూడని గుమాస్తాలు అక్కడ అద్దాల మేడల్లో కూర్చుని ఏదో ఒకటి రాసి పడేస్తారు. ఇక్కడ మేం పళ్ళు నూరుకుంటూ సంతకాలు పెడతాం. నా చేతులు కట్టేశారండీ! లేకపోతే ఆ మీగడ గిన్నెలకి నేనే కాపలా కూర్చునేవాణ్ణి.

ఇట్లు,
మీ బాధలో భాగస్వామి
లయనెల్ ఫాన్‌షా

తా.క. ఈ మాటలు నావేనని మన వాళ్ళందరికీ చెప్పండి. మరీ సెప్టెంబరు దాకా ఆగక్కర్లేదు.


కూంబ్ బార్టన్
జూన్ 21

ప్రియమైన ఫాన్‌షా గారికి,

చెప్పాను. మీరు అనుకున్నదానికంటే బాగానే చెప్పాను.

మన కోశాధికారి కర్నల్ ఓట్వే మీ ఉత్తరాన్ని సంఘంలో నిలబడి చదివాడు. 'నా చేతులు కట్టేశారండీ' అన్నచోట ఆయన బల్ల గుద్దాడు. అందరం లేచి నిలబడ్డాం. అటునుంచి అటే ఊరి పొలిమేరకి వెళ్ళి, ఫ్రాన్సులో, నార్మండీలోని ఒక ఊరితో మన ఊరికి చెల్లెలి వరస కలిపినట్టు రాసిన బోర్డు పీకేశాం.

ఆ ఊరి మేయరు పాపం మంచివాడు. ఫోన్ చేసి, "ఏమైందమ్మా? మా ఆడవాళ్ళు సంతలో మీగడ అమ్ముకుంటూనే ఉన్నారే, మమ్మల్ని ఎవరూ అడగలేదే" అన్నాడు. విన్నారా? వాళ్ళని వదిలేసి మన ఒక్కళ్ళ మీదే కక్ష కట్టారన్నమాట! ఈ సంగతి చెప్పగానే కర్నల్ గారికి రక్తపోటు పెరిగి, ఆయన్ని పడుకోబెట్టాల్సి వచ్చింది.

కాబట్టి తీర్మానించాం. జులై మొదటి శనివారం చర్చి ఆవరణలో, పత్రికల వాళ్ళ ఎదురుగా, మీరు నిషిద్ధ మీగడ తినాలి. పదవి పోతుందంటారా, పోనివ్వండి. పదవిని స్కోను మీద రాసుకుని తింటామా?

ఇట్లు,
యుద్ధంలో ఉన్న
హెస్టర్ ట్రెమ్లెట్

తా.క. పీకిన బోర్డు మా కోళ్ళగూటికి తలుపుగా సరిగ్గా సరిపోయింది.


లండన్
జూన్ 25

ప్రియమైన ట్రెమ్లెట్ గారికి,

మీ పట్టుదలకి జోహార్లు. ఉపమంత్రిగా రావడం కష్టం. ఆకలేసిన మామూలు పౌరుడిగా వస్తాను. పెద్ద హడావుడి వద్దు.

ఇట్లు,
లయనెల్ ఫాన్‌షా

తా.క. ఫోటోగ్రాఫరు ఒక్కరు చాలు. నా ఎడమవైపు నుంచి తియ్యమనండి.


కూంబ్ బార్టన్
జులై 5

అయ్యా,

ఎడమవైపు నుంచే తీశారు. అందుకే అంత స్పష్టంగా కనిపిస్తోంది.

ముందు జామ్! దాని మీద మీగడ!

మొదటి పేజీలో, పెద్ద ఫోటో! డెవన్‌లో ఉయ్యాల్లో పిల్లని అడిగినా చెబుతుంది, స్కోను మీద ముందు మీగడ, ఆ పైన జామ్ అని. జామ్ ముందు రాసేది నది అవతల కార్న్‌వాల్ వాళ్ళు. ఇన్నేళ్ళు మా ఓట్లతో గెలిచి, మా మీగడ కోసం పోరాడటానికి వచ్చి, మా కళ్ళెదుటే కార్న్‌వాల్ వాడిలా తింటారా? సిగ్గనిపించలేదా? మా ఆయన విల్‌ఫ్రెడ్ పెళ్ళయినప్పటి నుంచి ఏ విషయంలోనూ నోరెత్తలేదు. నిన్న ఆ పేపరు చూసి, "వీడు మనవాడు కాడే" అన్నాడు.

ఊరంతా అదే మాట. స్కోను విషయంలోనే ఇటో అటో తెలియని మనిషి, యూరపు విషయంలో మాత్రం మనవైపు ఉంటాడని ఏం నమ్మకం అంటున్నారు. మీకు ఒక్కటే దారి ఉంది. మనల్ని యూరపుతో ఇంకా గట్టిగా ముడేసే ఆ మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద ఈ నెల పార్లమెంటులో ఓటింగు జరుగుతుందిగా? ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటెయ్యండి. వెయ్యకపోతే సెప్టెంబరు సమావేశానికి రైలు ఖర్చు పెట్టుకోకండి.

ఇట్లు,
తల ఎత్తుకోలేకపోతున్న
హెస్టర్ ట్రెమ్లెట్

తా.క. కార్న్‌వాల్ నుంచి మిమ్మల్ని అభినందిస్తూ ఉత్తరాలు వచ్చాయి. పొయ్యిలో వేశాను.


లండన్
జులై 27

శ్రీమతి ట్రెమ్లెట్ గారికి,

వేశాను. మీరు చెప్పినట్టే వేశాను.

పార్టీ విప్ నన్ను వరండాలో గోడకి ఆనించి, "చెంచాడు జామ్ కోసం ప్రభుత్వాన్ని కూలుస్తావా నువ్వు!" అని మొహం మీద అరిచాడు. ప్రధానమంత్రి అరవలేదు. నా పదవి తీసేశానని చాలా మర్యాదగా చెప్పాడు. అదే ఎక్కువ బాధగా ఉంది. నా గదిలో కుర్చీ అప్పుడే మార్చేశారు. నాతో కలిసి భోంచేసిన వాళ్ళు నన్ను చూసి గోడల మీది బొమ్మలు చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడిక నాకు పోయేదేమీ లేదు. అందుకని నిజం చెబుతున్నాను.

బ్రస్సెల్స్ మీ మీగడ జోలికి రాలేదు! వాళ్ళ కాగితంలో చర్చి సంబరాలకీ ఊరి సంతలకీ మినహాయింపు ఉందమ్మా. దాన్ని కొట్టేసింది మా శాఖ. ఎక్కడికక్కడ ఎవరు చూసుకుంటారని బద్ధకించి కొట్టేసింది. సంతకం పెట్టింది నేను. చదవకుండా పెట్టాను, భోజనానికి ఆలస్యమవుతోందని. మీరు అడిగినప్పుడు బ్రస్సెల్స్ అనేశాను. ఇక్కడ మేమందరం అలాగే అంటాం. వాన పడినా అదే అంటాం! మీరు ఆ ముక్క పట్టుకుని బోర్డులు పీకి, నన్ను వీధికెక్కించి, నా పదవి ఊడగొట్టారు. ఇదేం న్యాయం? నా మీద నాకెంత కోపంగా ఉందో, మీ మీద దానికి రెట్టింపు ఉంది.

నా స్థానంలో వచ్చిన వాడితో మాట్లాడాను. ఒక్క సంతకంతో ఆ నిబంధన రద్దయిపోతుంది. నా సీటు ఒక్కటి కాపాడండి. నాకిప్పుడు ఉన్నది అదొక్కటే.

ఇట్లు,
మొదటిసారి నిజం రాసిన
లయనెల్ ఫాన్‌షా

తా.క. నేను పుట్టింది కార్న్‌వాల్‌లోనే. అది కూడా తెలిసిపోతే మంచిది.


కూంబ్ బార్టన్
సెప్టెంబరు 13

పాపం, ఫాన్‌షా గారికి,

మీ నిజాన్ని సమావేశంలో పెట్టాను. తా.క. మాత్రం చదవలేదు. నాకూ కాస్త జాలి ఉంది.

చదవడం అవగానే కర్నల్ ఓట్వే లేచాడు. "మనం ఏళ్ళ తరబడి ఓట్లేసి పంపిన మనిషే మన మీగడకి తాళం వేశాడంటే, తప్పు మనదవుతుంది. తప్పు మనదెలా అవుతుంది?" అని గద్దించాడు. చివరికి మీ నిజాన్ని ఓటింగుకి పెట్టాం. దానికి ఒకే ఒక్క ఓటు పడింది. అది పాస్టరు గారిది. ఆయన వృత్తి అలాంటిది, ఏం చేస్తాడు?

బ్రస్సెల్స్ వాళ్ళే మిమ్మల్ని బెదిరించి ఈ ఉత్తరం రాయించారని సంఘం ఏకగ్రీవంగా, అంటే పాస్టరు గారు తప్ప, తీర్మానించింది. అలాంటి మనిషికి సీటివ్వడం దేశానికి ప్రమాదమని కూడా తీర్మానించింది. కొత్త అభ్యర్థిని అక్కడికక్కడే ఎంచుకున్నారు. నన్ను.

మనలో మాట. మీరు రాసింది నిజమేనని నాకు తెలుసు. నార్మండీ మేయరు ఫోన్ పెట్టేసిన క్షణమే అనుమానం వచ్చింది, మీ ఉత్తరంతో తీరిపోయింది. నాకు కోపం రాలేదనుకోకండి. నా గిన్నెలు డిక్కీలోకి ఎక్కించిన సంతకం మీదని తెలిసి, ఆ రోజు అన్నం ముట్టలేదు. కానీ మీ మీద కోపం తెచ్చుకుంటే ఊరు ఒక ఎంపీని మార్చి ఊరుకుంటుంది. బ్రస్సెల్స్ మీద కోపం తెచ్చుకుంటే ఊరంతా నా వెనకాల నడుస్తుంది. మీరు అబద్ధం చెప్పినందుకు పోలేదు ఫాన్‌షా గారూ. అందరూ నమ్మేశాక దాన్ని వెనక్కి అడిగారు, అందుకు పోయారు.

ఇట్లు,
మీ సీట్లో నిలబడబోతున్న
హెస్టర్ ట్రెమ్లెట్

తా.క. ఆ రద్దు ప్రయత్నం దయచేసి మానుకోండి. 'బ్రస్సెల్స్ నిషేధించిన మీగడ' అని బల్ల ముందు రాసిపెట్టినప్పటి నుంచి బ్రిస్టల్ నుంచి కూడా జనం వస్తున్నారు. ఆ ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి తినిపోతున్నాడు. ఎన్నికలయ్యేదాకా ఆ నిబంధన మీద ఈగ వాలడానికి వీల్లేదు.