పుస్తకంలో పాస్టరుగారు

అక్కా,

నువ్వు పంపిన పుస్తకాలు అందాయి. నీ కొట్టులో ఎవరూ కొనని పాత సరుకంతా నా నెత్తిన రుద్దుతున్నావని బావ ఎగతాళి చేశాడట కదా. చేయనీ. నాకు అవే కావాలి. ఆ చిన్న ఊరు, ఆ ముసలి పాస్టరు, ఆయన కిర్రుమనే సైకిలు. అధ్యాయం మొదలవగానే ఎవరో ఒకరు ఆయన తలుపు తడతారు. ముగిసేసరికి వాళ్ల గొడవ తీరిపోతుంది. ఆ ఊళ్లో కష్టాలకు కూడా మర్యాద తెలుసు. ఆయన టీ తాగడం అయ్యేదాకా ఆగి, ఒకటొకటిగా వస్తాయి.

పాస్టరు పెళ్లానివై ఉండి ఈ కథలెలా నమ్ముతావే అని అడిగావు. నమ్మను. అందుకే చదువుతున్నాను. మా తలుపు తట్టేది చర్చి కప్పు కారుతోందని దెప్పడానికే.

ఇన్నాళ్లూ నీకు రాయని సంగతి ఒకటుంది. మా ఆయనకు ప్రార్థన రావడం లేదు. “మాటలు నోటికొస్తున్నాయి గానీ అవతల ఎవరైనా వింటున్నారనిపించట్లేదు” అన్నారు. అయినా ప్రతి ఆదివారం వెళ్లి నిలబడుతున్నారు. ప్రార్థన కళ్లు తెరిచే చేస్తున్నారని ముందు వరసలో ఉన్న నాకే తెలుసు. ఏం చేయాలో తోచడం లేదక్కా.

మొన్న మధ్యాహ్నం నీ పుస్తకం తీసి చదివారు. నవ్వారు కూడా. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. తర్వాత అన్నారు, “ఈయన ఎక్కడా ప్రసంగం చేయడేమే? ఇంటింటికీ వెళ్లి కూర్చుంటాడు, అంతే. ఈ పని నమ్మకం లేకపోయినా చేయొచ్చు.”

సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

నీ వాగుడుకాయ

అక్కా,

మా ఆయన నిజంగానే ఇళ్లకు వెళుతున్నారు. చూపు పోయి మంచం పట్టిన దర్జీ పెద్దమ్మ దగ్గర రోజూ సాయంత్రం కూర్చుంటున్నారు. ఆమె ప్రార్థన చేయమంటే నోరు పెగలక, సంచిలో ఉన్న నీ పుస్తకం తీసి చదివారట. ఆమె చెవులు రిక్కించి వింటోందట.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పుస్తకంలో ఉప్పూ నిప్పూగా ఉన్న అన్నదమ్ములిద్దరిని ముసలాయన భోజనానికి పిలిచి, చిన్ననాటి సంగతులు అడిగి, నవ్వించి కలిపేస్తాడు చూడు. మాకూ ఉన్నారుగా బేకరీ అన్నదమ్ములు. వాళ్లనీ పిలిచాం. ఉన్నంతలో మంచి గిన్నెలు బయటికి తీశాను. ఈయన అచ్చం పుస్తకంలోలాగే అడిగారు, “చిన్నప్పుడు మీరిద్దరూ ఏం ఆడుకునేవాళ్లు?”

“వీడి చదువు కోసం నన్ను బడి మాన్పించి పిండి పిసికించారు. ఆ ఆట బాగా గుర్తుంది” అన్నాడు అన్న.

తమ్ముడు చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం నుంచి రెండు కుటుంబాలూ చర్చికి రావడం మానేశాయి. సగం బల్లలు వాళ్లతోనే నిండేవి. పిలవమని ఉసిగొల్పింది నేనే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నీ వాగుడుకాయ

అక్కా,

చర్చి మూసేస్తున్నారు. మనుషులు లేని చోట పాస్టరెందుకని పెద్ద ఆఫీసు వాళ్లు ఈయనను కాగితాల విభాగంలో వేశారు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. సామాను కడుతున్నాను. ఎవరూ వచ్చి పలకరించలేదు.

నిన్న వెళ్లొస్తానని చెప్పడానికి దర్జీ పెద్దమ్మ దగ్గరికి వెళ్లారు. వచ్చాక గడప మీదే కూలబడ్డారు. ఆమె ఈయన చేతులు తడుముతూ, “ఆ అన్నదమ్ములిద్దర్నీ కలిపిన చేతులయ్యా ఇవి. నువ్వెళ్లిపోతే ఈ ఊరికి దిక్కెవరు?” అందట. ఇన్నాళ్లూ చదివినదంతా, పుస్తకం కనబడక, ఈయన తన సంగతులే చెబుతున్నారనుకుంది పాపం.

“కాదని చెప్పలేదా?” అన్నాను.

“ఎలా చెప్పనే? ఈ ఊళ్లో నేను పనికొచ్చానని అనుకునే మనిషి ఆమె ఒక్కతే. ఆమె అనుకునేది కూడా నన్ను కాదు.”

 పక్కన కూర్చున్నాను. ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు, ఇంకా కట్టాల్సిన సామాను చాలా ఉంది.

ఆ వరసలో ఇంకో పుస్తకం దొరికితే వెంటనే పంపించు. మా దగ్గరున్నవన్నీ అయిపోయాయి. ఇల్లు ఖాళీ చేసేదాకా ఈయన రోజూ వెళ్తారు, వెళ్లగానే ఇవాళ ఎవరికి ఏం మంచి చేశావయ్యా అని పెద్దమ్మ అడుగుతుంది.

నీ చెల్లి