బీడీ మానిన వీరభద్రకు పాత మోతాదు గురించి

ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటు గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: మా తమ్ముడు వీరభద్ర బీడీలు మానినందున మాత్రల మోతాదు తగ్గించి రాయించుట గురించి.

పత్తికొండ దగ్గరి పల్లెలో సేద్యం చేసుకొను సుంకప్ప విన్నవించుకొనునది.

1. నా తమ్ముడికి చెవిలో మాటలు వినిపించు జబ్బు కలదు. స్కిజోఫ్రెనియా అని తమ చీటీలోనే ఉన్నది. తమరిచ్చు మాత్రలతో ఏళ్ల తరబడి కుదురుగా ఉండి, టమాటా మార్కెట్లో గంపలు మోసేవాడు. బీడీలు మాత్రం కట్టలు కట్టలు తాగేవాడు.

2. శ్రావణంలో మా అమ్మ సోమక్క వాడిని ఉరుకుంద గుడికి తీసుకుపోయి, ఈరన్నస్వామి ఎదుట బీడీ ముట్టనని మాట ఇప్పించినది. వాడు ఆ రోజే మానినాడు. తర్వాత మాత్రలు అవే, మనిషి మాత్రం మారిపోయినాడు. నోట్లో ముద్ద పెట్టుకుని అట్లే నిద్రపోవును. చొంగ కారును. నడుస్తూ పడిపోవును.

3. "స్వామే జబ్బు తీసేసినాడు, ఇంగ ఈ మాత్రలెందుకు? ఇవే వాణ్ణి పండబెడ్తాండాయి" అని మా అమ్మ వాటిని ఆపించినది. నెల తిరగకముందే చెవిలో మాటలు మళ్లీ మొదలైనవి. బావిలో దూకబోతుండగా గట్టు మీద పట్టుకుని, తమ వద్ద చేర్చినాము.

4. వార్డులో యామిని డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పినారు. బీడీ పొగ ఈ మాత్ర బలాన్ని ఒంట్లో తొందరగా అరగదీస్తుందట. పొగ ఆగితే అదే మాత్ర ఎక్కువైపోతుందట. ఆమె మోతాదు తగ్గించి వాడిని మనిషిని చేసినారు. ఆ తగ్గించిన లెక్క వార్డు కాగితాల్లోనే ఉండిపోయినది, ఆమెకు బదిలీ అయినది.

5. ఇప్పుడు వచ్చే డాక్టర్లు పాత చీటీ చూసి పాత మోతాదే రాస్తున్నారు. బీడీల సంగతి చెప్పబోతే "మానినాడంటే మంచిదే కదప్పా, పక్కకు జరుగు" అంటున్నారు. మంచిదే. మనిషి మళ్లీ మంచానికి అతుక్కుపోయినాడు. మాత్ర సగం విరిచి ఇద్దామంటే ఏమవుతుందో నాకు తెలియదు. బావి గట్టు చూసినవాణ్ణి, నాకు భయము. తిరిగి తిరిగి విసుగు కూడా వచ్చినది.

కావున వాడిని మరల పరీక్షించి తగిన మోతాదు ఇప్పించి, బీడీ మానినాడని చీటీ మీద ఎర్ర సిరాతో రాయించవలెనని ప్రార్థన. మా అలసట కూడా కలిపి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సుంకప్ప

మళ్లీ మనవి: నిన్న మా అమ్మే బీడీ కట్ట కొనుక్కొచ్చి వాడి చేతిలో పెట్టింది. "తాగు నాయనా, ఇది తాగేటప్పుడే బాగుంటివి. స్వామికి నేను చెప్పుకుంటా" అని ఏడ్చింది. వాడు కళ్లు కూడా సరిగా తెరవలేకుండా ఉన్నాడు. అయినా కట్ట ఆమె చేతికే తిరిగిచ్చి, "మాట ఇచ్చినా కదమ్మా" అన్నాడు. ఇది ఏ అంకె కింద రాయాలో తెలియక ఇక్కడ రాసినాను. వాడి చేత ఆ మాట తప్పించవద్దు సారూ.