రబ్బరు రాకుమారి, ఆమె గుర్రం

అక్కా,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెబుతాను. నువ్వు నా దగ్గర ఉంచి చదివిస్తున్న నీ కూతురికి సోమవారం ఉదయం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మౌఖిక పరీక్ష. మీ సొరంగం పనికి సామాను చేరవేసే లారీ ఈ మధ్యాహ్నం బయలుదేరుతోంది. దారిలో ఎక్కడా చెడిపోకుండా వస్తే శనివారానికల్లా ఇది నీ చేతికి అందుతుంది. అప్పుడు నువ్వు కొండ దిగి, ఫోను పలికే చోటికి వచ్చి, పరీక్షకు ముందే మన పిట్టతో మాట్లాడతావు. అలా మాట్లాడే ముందు నీకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఫోనులో చెబుదామంటే ఈ ఇంట్లో గోడలు పలచన; పక్కగదిలో దానికి వినబడుతుంది.

మేమిద్దరం కులాసాగా ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, సొరంగంలోకి వెళ్ళేటప్పుడు ఇనుప టోపీ చంకలో కాక నెత్తిమీదే పెట్టుకుంటున్నావనీ ఆశిస్తున్నాను. నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలకు వరుసగా జవాబులు రాస్తాను. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. బాగుచేసే ఆయన వచ్చాడు, చూశాడు, ఇలాంటి పాత కుళాయిలు ఇప్పుడు దొరకవని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. పిట్ట తిండి సరిగ్గానే తింటోంది, నిద్రే సరిగ్గా లేదు. “ఆ పాచికల ఆట ఇంకా మానలేదా?” అని అడిగావు. మానలేదు. పైగా నేనూ వెళుతున్నాను. “వైద్య ధ్రువపత్రం కళాశాలకు పంపావా?” అన్నది నీ చివరి ప్రశ్న. దానికి జవాబు ఉత్తరం చివర రాస్తాను. తప్పించుకుంటున్నానని అనుకోకు, ముందు మిగిలినది చదివితేనే ఆ జవాబు అర్థమవుతుంది.

ఆ ఆటను నువ్వు జూదమనుకుంటున్నావు. అందులో పందెం లేదక్కా. మా వీధి చివర తాళంచెవులు చేసే ఆయన బుధవారం సాయంత్రం కొట్టు మూశాక వెనకగదిలో బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. తాళాలాయన కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్రగానే మాట్లాడాలి. తలపెట్టిన పని నెరవేరిందో లేదో పాచికలు చెబుతాయి. బస్సు నడిపి రిటైరైన డ్రైవరమ్మ అందులో మంత్రగాడు. పిట్ట రాకుమారి.

ఆ రాకుమారి ఎవరో నీకు తెలుసు. పిట్ట చిన్నప్పుడు నువ్వు పడుకోబెడుతూ చెప్పిన అద్దాల కొండ కథలోని పిల్లే. నీ కథలో ఆమె కొండమీద కోటలో కూర్చుని, తనకోసం వచ్చే వీరుడి కోసం ఎదురుచూసేది. పిట్ట ఆమెను కోట బయటికి తెచ్చేసింది. ఈ కథలో రాకుమారి కొండ కింద ఉంటుంది. పైనున్న కోట తనది. అద్దం మీద జారుతూ ఎక్కాలి. ఆట మొదట్లో ప్రతివారికీ కొన్ని పాయింట్లు ఇస్తారు. బలానికిన్ని, తెలివికిన్ని అని తమ పాత్ర కాగితం మీద పంచుకోవాలి. మన పిల్ల ఉన్నవన్నీ ఒకే గడిలో పోసింది. ఆ గడి పేరు ‘పడి లేవడం’.

“కత్తికి?” అని అడిగాడు తాళాలాయన.

“సున్నా.”

“పోనీ అందానికైనా ఒకటి వెయ్యవమ్మా, రాకుమారివి కదా!”

“దాంతో కొండెక్కుతానా?”

“ఇది రాకుమారి కాదయ్యా, రబ్బరు బంతి” అని డ్రైవరమ్మ పకపకా నవ్వింది. ఆనాటి నుంచి ఆ పిల్ల రబ్బరు రాకుమారి. నిప్పుల వాగులో పడినా, గద్ద ఎత్తుకెళ్ళి జారవిడిచినా, పాచిక వేసి లేచి నిలబడుతుంది. లేచిన ప్రతిసారీ మూటలోంచి ఒక వస్తువు పోగొట్టుకోవాలన్నది తాళాలాయన పెట్టిన షరతు. కిరీటం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చెప్పులు కూడా లేవు.

నన్ను ఆటకు పిలిచినప్పుడు ఏ పాత్ర కావాలని అడిగారు. పగలంతా మాట తడబడేవాళ్ళకు మాట సాయం చేసే ఉద్యోగం కదా, సాయంత్రమైనా నోటికి విశ్రాంతి కావాలనిపించి, మాట్లాడనక్కరలేనిది ఏదైనా ఇమ్మన్నాను.

“అయితే నువ్వు రాకుమారి గుర్రానివి, డాక్టరమ్మా” అన్నాడాయన. “మూడు సకిలింపులు మాత్రం ఉచితం.”

ఆ గదిలో నేను విన్నది నీకు చెప్పకుండా ఎలా ఉండగలను? రాకుమారిగా మాట్లాడేటప్పుడు పిట్ట మాట ఎక్కడా తడబడేది కాదు. ఇంట్లో “పిన్ని” అనడానికి కూడా పెదవులు బిగించుకుని కష్టపడే పిల్ల, అక్కడ సేనాపతులను కేకలేసేది. నాకు ఇందులో ఆశ్చర్యం ఉండకూడదు. వేరే మనిషి గొంతు తొడుక్కున్నప్పుడు మాట సాఫీగా సాగడం మా వృత్తిలో అందరూ ఎరిగినదే. అది నయం కావడం కాదు. తను ఎక్కడ ఆగుతుందోనని లోపల కూర్చుని కాపలా కాసేది కాసేపు పక్కకు తప్పుకోవడం, అంతే. ఇది నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు నేనే ఓపికగా వివరిస్తూ ఉంటాను. వివరించిన నేనే మరిచిపోయాను.

కొన్ని వారాల కిందట ఒక బుధవారం, అంతకుముందు నువ్వు రాసిన ఉత్తరం నా సంచిలోనే ఉంది. “ఏమైనా మెరుగు కనిపిస్తోందా? దాచకుండా రాయి” అని రాశావు. రాకుమారి సంత నడుమ నిలబడి, కొండెక్కడానికి తాడు పేనిపెట్టమని జనాన్ని అడుగుతోంది. పెద్ద ప్రసంగం. డ్రైవరమ్మ చేతిలోని టీ తాగడం కూడా మరిచి వింటోంది. అది ముగియగానే నా నోట్లోంచి మాట ఊడిపడింది:

“చూశావా పిట్టా! ఒక్కచోట కూడా ఆగలేదు నువ్వు!”

“అయ్యయ్యో, గుర్రం మాట్లాడిందిరోయ్!” అంది డ్రైవరమ్మ.

ఆవిడ నవ్వుకు ఇంకెవరూ నవ్వు కలపలేదు. పిట్ట నావైపు చూసింది. తర్వాతి మాట కోసం నోరు తెరిచింది, రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మెడ నరం బిగుసుకుంది. తాళాలాయన పాచికలను మెల్లగా తన వైపు లాక్కుని, ఇవాళ్టికి సంతలో వాన పడి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారని చెప్పి ఆట ముగించాడు. పక్కకు తప్పుకున్న కాపలాను నేనే భుజం పట్టుకుని తీసుకొచ్చి దాని ఎదుట కూర్చోబెట్టాను. నీ ఉత్తరం మీద నెట్టడం లేదక్కా. ఆ మాట అన్నది నేను.

ఇక్కడ రాయడం ఆపి, లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చాను. గాలేమీ లేదు. ఊరికే కూర్చోలేకపోతున్నాను. పక్కగదిలో అది అటూ ఇటూ నడుస్తూ సోమవారం చెప్పబోయే కథను వల్లెవేస్తోంది. ఆగుతోంది, మళ్ళీ అందుకుంటోంది. ఆగిన ప్రతిసారీ నా కలమూ ఆగుతోంది.

ఆ తర్వాత కొన్ని వారాలు రాకుమారి నోరు విప్పలేదు. పాచికలు వేసేదట, వేలితో చూపించేదట, తలూపేదట; డ్రైవరమ్మ చెప్పింది. నేను ఆటకు వెళ్ళడం మానేశాను. క్షమాపణ అడిగితే “పర్లేదులే” అని రాసి చూపించింది. నోటితో అనగలిగే మాటను కాగితం మీద రాసిచ్చిందంటే పర్వా ఉన్నట్టే కదా.

ఒకరోజు తనే వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది. “గుర్రం... మళ్ళీ రావచ్చు” అంది. “కానీ ఈసారి గుర్రంలా ఉండాలి.” సరేనని వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చోగానే అది తన పాత్ర కాగితాన్ని తాళాలాయన ముందుకు తోసింది.

“మా రాకుమారి మాట్లాడేటప్పుడు ఆగుతుంది. అందులో రాశాను.”

ఆయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఆటలో నియమాలంటే ఆయనకు పట్టింపు. “బలాల కింద రాశావా, బలహీనతల కిందా? బలహీనతైతే నీకు రెండు పాయింట్లు అదనంగా రావాలి మరి.”

“రెండూ కాదు. క... కళ్ళ రంగు రాసే చోట రాశాను.”

ఇన్నేళ్ళ నా చదువులో ఆ మాటను ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. డ్రైవరమ్మ మాత్రం, “ఏ రంగో కూడా చెప్పు, నా మంత్రానికి కావాలి” అంది. అందరూ నవ్వారు. గుర్రం నవ్వలేదు; దానికి అనుమతి లేదు.

నిన్న సాయంత్రం ఆటలో రాకుమారి కొండ సగందాకా ఎక్కింది. అక్కడొక వంతెన, దానిమీద ఒక రాక్షసుడు. వాడు ఎవరినీ కొట్టడు, తిట్టడు, మహా మర్యాదస్తుడు. ఎదుటివాళ్ళ వాక్యాన్ని తనే పూర్తిచేస్తాడు. వాడు ఎలా పూర్తిచేస్తే అలాగే జరిగిపోతుంది. తాళాలాయన వాడి గొంతును ఎంత తియ్యగా పలికాడో చెప్పలేను.

“నేను ఈ వంతెన...” అని రాకుమారి ఆగగానే, “దిగి వెనక్కి పోతాను అంటున్నావు, అంతేగా తల్లీ?” అన్నాడు. ఆమె జారి కొండ కింద పడింది. పాచిక, లేవడం, మూటలోంచి దువ్వెన పోవడం. మళ్ళీ ఎక్కింది. “నా కోట...” “నాకొద్దు అంటున్నావు, పాపం.” మళ్ళీ పడింది. మంత్రగాడు ఆమె బదులు తాను మాట్లాడతానన్నాడు. ఆమె వద్దని తలూపింది. మూటలో ఇక మిగిలింది సంతలో పేనించుకున్న తాడొక్కటే. అదీ పోతే కొండెక్కే దారి లేదు, కథ అక్కడితో సరి.

మూడోసారి “నేను...” అని ఆగి, వాడు నోరు తెరిచేలోపే ఆమె చెయ్యెత్తి అడ్డం పెట్టింది. “ఆగు” అంది. “నా మాట ఇంకా... అవలేదు.”

తర్వాత చాలాసేపు ఏ మాటా రాలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, ఆ వాక్యం ఎలా ముగుస్తుందో నాకు తెలుసు. నాలుక చివర ఉంది. అందివ్వడానికి ఒక్క క్షణం చాలు. బల్ల కింద నా చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాను. డ్రైవరమ్మ, సిగ్నలు దగ్గర ఆగిన బస్సులో కూర్చున్నంత నింపాదిగా చూస్తోంది. చివరికి పిట్ట ఆ వాక్యాన్ని ఆగుతూ ఆగుతూ తానే ముగించింది: “ఈ వంతెన దాటి నా ఇంటికి పోతున్నాను.” పాచిక వేసింది, గెలిచింది. తాళాలాయన రాక్షసుడి గొంతులోనే “క్షమించాలి తల్లీ, వినడం అలవాటు తప్పింది” అన్నాడు.

అక్కా, ఆ రాక్షసుణ్ణి చూసి నేను ఎవరిని గుర్తుపట్టానో నువ్వూ ఊహించగలవు. వాడికి రెండు తలలు, ఒకటి నీది, ఒకటి నాది. ప్రేమకొద్దీనే. ఫోనులో పిట్ట “అమ్మా, నాకు...” అనగానే “ఆకలేస్తోందా? జ్వరమా? డబ్బు కావాలా?” అని మూడు వాక్యాలు నువ్వు పూర్తిచేస్తావు. అది చెప్పదలచింది నాలుగోది.

ఇప్పుడు నీ చివరి ప్రశ్నకు జవాబు. మౌఖిక పరీక్షలో చిన్నపిల్లల తరగతి ముందు నిలబడి ఒక కథ చెప్పాలి. పరీక్షకులు వెనక బల్లల మీద కూర్చుంటారు. నా ధ్రువపత్రం ఉంటే దాని బదులు రాతపరీక్ష ఇస్తారు. నువ్వు కోరినట్టే రాశాను, సంతకం చేశాను, ముద్ర వేశాను. పిట్ట దాన్ని చదివి నా బల్లమీదే పెట్టేసింది. “ఇందులో అబద్ధమేం లేదు పిన్నీ. కానీ రేపు టీచరయ్యాక క్లాసులో నా బదులు ఎవరు మాట్లాడతారు?” అంది. దానికి తెలియకుండా పంపే వీలు నాకు ఉంది. రెండుసార్లు కవరు మీద చిరునామా రాశాను కూడా. పంపలేదు. గడువు పోయిన వారంతో అయిపోయింది. ఈ సంగతి నీకు అప్పుడే చెప్పి ఉంటే నువ్వు పంపించి తీరేదానివి. అందుకే చెప్పలేదు. ఇది నా మీద నీకు కోపం తెప్పిస్తే, ఆ కోపం న్యాయమైనదే. ఈ ఏడు సీటు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలనీ నాకు తెలుసు.

అక్కడ అది చెప్పబోయేది నీ అద్దాల కొండ కథే. రాకుమారి ఆగుతుందని మొదటి వాక్యంలోనే పిల్లలకు చెప్పేస్తానంది. నన్ను లోపలికి రావద్దంది. గేటు బయట గుర్రంలా నిలబడవచ్చట. శనివారం నువ్వు ఫోను చేస్తే, ధైర్యం చెప్పకు, చిట్కాలు చెప్పకు. “చెప్పు” అని ఊరుకో. ఆ తర్వాత ఎంతసేపు నిశ్శబ్దంగా ఉన్నా లైను తెగిపోయిందనుకోకు.

ఇక నాకు తెలియనిది ఒకటుంది. పంపకపోవడంలో పిల్ల మాటను గౌరవించానా, లేక మాట బాగుచేసే మనిషిగా నా వృత్తి గర్వం కోసం దాన్ని అద్దం మీదికి ఎక్కించానా అని రోజూ నన్ను నేను అడుగుతున్నాను, తేలడం లేదు. మా బల్ల దగ్గర వాళ్ళు ఆగారు, ఎందుకంటే వాళ్ళు దాన్ని ఎరుగుదురు. సోమవారం ఆ గదిలో కూర్చునే పిల్లలు ఎరగరు. వాళ్ళు ఆగుతారో లేదో నాకు తెలియదు.

ఇట్లు,
సోమవారం గేటు బయట నోరు మూసుకుని నిలబడబోయే
నీ చెల్లెలు